ఐస్‌లాండిక్‌లో టైం, తేదీ చెప్పడం: చిన్నపిల్లల బడిలో నా అనుభవం

ఐస్‌లాండిక్ నేర్పే పుస్తకాలు టైం చెప్పడాన్ని మొదటి పాఠాల్లోనే పెట్టేస్తాయి. పలకరింపులు, పేరు, ఊరు, అంకెలు, ఆ వెంటనే ‘టైం ఎంతయింది?’. ఆ వరస చూస్తే ఇదేదో తేలిక పాఠం అనిపిస్తుంది. తీరా మొదలుపెట్టాక తెలుస్తుంది, ఆ భాష వ్యాకరణంలో సగం ఇక్కడే ఉందని. అంకెలకి లింగం ఉంటుంది. వారాల పేర్లు విభక్తిని బట్టి రూపం మార్చుకుంటాయి. ‘రెండేళ్ళ క్రితం’ అన్నప్పటి ‘రెండు’ వేరు, ‘రెండేళ్ళ తర్వాత’ అన్నప్పటి ‘రెండు’ వేరు. బెదరగొట్టడానికి చెప్పడం లేదు ఇదంతా. తెలుగుని పక్కన పెట్టుకుని నేర్చుకుంటే ఇందులో చాలా సంగతులు మనకి ముందే తెలిసినవి. ఆ మాట నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా లేదు, అందుకే రాస్తున్నాను.

మా ఆయన ఉద్యోగం మీద రేక్యావిక్ వచ్చాం. కొన్నాళ్ళకి నేను ఒక ‘లెయిక్‌స్కోలి’లో చేరాను. బడికి వెళ్ళే వయసు రాని పిల్లలు పగలంతా ఉండే చోటు అది. తోటి టీచర్లు ఇంగ్లీష్ చక్కగా మాట్లాడతారు కాబట్టి పెద్దవాళ్ళ మధ్య ఐస్‌లాండిక్ రాకపోయినా పని గడిచిపోతుంది. మూడేళ్ళ పిల్లకి మాత్రం ఇంగ్లీష్ రాదు. ఆ పిల్ల పొద్దున్నించీ అడిగేది ఒకటే: ‘క్వెనైర్ కెముర్ మమ్మా?’ అమ్మ ఎప్పుడొస్తుంది? కళ్ళలో నీళ్ళు పెట్టుకుని అడిగే ఆ ప్రశ్నకి ఆ పిల్లకి అర్థమయ్యేలా జవాబు చెప్పాలి. నా చదువు అక్కడ మొదలైంది.

ఐస్‌లాండిక్ మాటల్ని ఇక్కడ చెవికి వినపడినట్టు తెలుగు లిపిలో రాస్తున్నాను. వాళ్ళ స్పెల్లింగ్‌కీ పలుకుబడికీ దూరం ఎక్కువ. ఇంగ్లీష్ ‘ఏ’ (a) అక్షరం మీద చిన్న గీత ఉంటే ‘ఔ’ అని పలుకుతారు. జంట ‘క’, జంట ‘త’ ముందు సన్నగా ‘హ’ వినిపిస్తుంది. గడియారాన్ని ‘క్లుహ్కా’ అంటారు, ‘ఆ గడియారం’ అనాలంటే ‘క్లుహ్కన్’.

పిల్లలకి గడియారంతో పని లేదు. వాళ్ళ రోజంతా ‘ముందు’, ‘తర్వాత’ల్లోనే నడుస్తుంది. ‘ఫిరిర్ మాత్’ అంటే భోజనానికి ముందు, ‘ఎఫ్తిర్ మాత్’ అంటే భోజనం తర్వాత, ‘ఎఫ్తిర్ క్వీల్ద్’ అంటే పడుకుని లేచాక. అమ్మ ఎప్పుడొస్తుందంటే మూడున్నరకి అని చెబితే ఆ పిల్లకి ఏమీ అందదు. ‘ఎఫ్తిర్ నోన్‌హ్రెస్సింగు’ అంటే వెంటనే తెలుస్తుంది, మధ్యాహ్నం పెట్టే పాలూ రొట్టే అయ్యాక అని. ఇంకా దగ్గరపడ్డాక ‘ఔ ఎఫ్తిర్’ అంటాం, ఇంకాసేపట్లో అని.

దానికి జంటమాట ‘ఔదాన్’. ఇది నేర్చుకున్న రోజు నాకు ఎంత సంతోషమేసిందో! క్లాసులో దీన్ని ఇంగ్లీష్‌లో వివరించడానికి టీచర్ ఒక పొడుగాటి వాక్యం చెప్పింది: ఈరోజే, కొంచెంసేపటి కిందట జరిగిపోయినప్పుడు వాడతాం అని. నేను నోటుబుక్కులో ఒక్క మాట రాసుకున్నాను: ఇందాక. అచ్చంగా అదే. ‘ఇందాక నాన్న ఫోన్ చేశారు’ అని మనం ఎక్కడ అంటామో వాళ్ళు సరిగ్గా అక్కడే ‘ఔదాన్’ అంటారు. అప్పట్నుంచి ప్రతి కాలవాచకానికీ ఇంగ్లీష్ అర్థం రాసుకోవడం మానేసి తెలుగు మాట వెతకడం మొదలుపెట్టాను.

‘ఈ దాగ్’ అంటే ఈరోజు, ‘ఈ గ్యైర్’ నిన్న, ‘ఔ మొర్గున్’ రేపు. మొన్న అనడానికి ‘ఈ ఫిర్రాదాగ్’. మన నిరుడు వాళ్ళకి ‘ఈ ఫిర్రా’, అంతకు ముందటేడాది ‘ఈ హిహ్తిఫిర్రా’. ఎల్లుండికి మాత్రం ఒక్క మాట లేదు. ‘ఎహ్కి ఔ మొర్గున్ హెల్దుర్ హిన్’ అంటారు, రేపు కాదు ఆ తర్వాతది అని.

ఇందులో జాగ్రత్తగా ఉండాల్సిన చోట్లు రెండున్నాయి. ‘ఔ మొర్గున్’ అంటే రేపు, ‘ఈ మొర్గున్’ అంటే ఈరోజు పొద్దున, అంటే అయిపోయిన పొద్దున. మాట ఒకటే, ముందున్న చిన్న అక్షరమే రోజుని మార్చేస్తుంది. రెండోది ‘ఈ ఫిర్రామౌలిద్’. మొన్న, నిరుడులలో ఉన్న ‘ఫిర్రా’ ఇక్కడా ఉంది కాబట్టి ఇదీ గడిచినదే అనిపిస్తుంది. కానీ దీని అర్థం రేపు పొద్దున. తల్లిదండ్రులు సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్తూ తరచూ వాడే మాట ఇదే: రేపు పొద్దున కొంచెం ఆలస్యంగా వస్తాం, రేపు పొద్దున డాక్టర్ దగ్గరికెళ్ళాలి. పుస్తకాల్లో ఇది ఆలస్యంగా వస్తుంది. నా మట్టుకు నేనైతే మొదటి వారంలోనే నేర్పాలంటాను.

ఇక గడియారం. ‘క్వాద్ ఎర్ క్లుహ్కన్?’ టైం ఎంత? ‘క్లుహ్కన్ ఎర్ థ్రియూ’, మూడు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ పిల్లలు మెట్లెక్కుతూ లెక్కపెట్టేది వేరు: ఎయ్త్న్, త్వెయ్‌ర్, థ్రీర్, ఫ్యోరిర్. అవి పుంలింగ రూపాలు. గడియారం చెప్పేటప్పుడు నపుంసక రూపాలు వాడాలి: ఎయ్హ్ట్, త్వో, థ్రియూ, ఫ్యొగుర్. స్త్రీలింగానికి మూడో రకం: ఎయ్న్, త్వైర్, థ్రియౌర్, ఫ్యోరార్. అయిదు నుంచి ఈ గొడవ లేదు, ఒకే రూపం. మళ్ళీ ఇరవై ఒకటి, ముప్ఫై రెండు లాంటి వాటిలో చివరి అంకె మారుతుంది.

నిమిషం స్త్రీలింగం. అందుకని మూడు దాటి మూడు నిమిషాలు అనాలంటే ‘థ్రియౌర్ మీనూతుర్ ఇవిర్ థ్రియూ’. ఒకే వాక్యంలో మూడు రెండు వేషాల్లో వస్తుంది. నాకు ఈ వాక్యమంటే చాలా ఇష్టం. ఇది తడబడకుండా వచ్చిందంటే గడియారంలో లింగం పట్టుబడినట్టే. మా క్లాసులో ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్నవాళ్ళకి అంకె మారడమే వింతగా ఉండేది. మనకి అంత వింత కాదు. మూడు కుర్చీలు అంటాం, ముగ్గురు పిల్లలు అంటాం. ఒకడు, ఒకామె, ఒకటి అంటాం. లెక్కపెట్టే వస్తువుని బట్టి అంకె మారుతుందన్నది మన నోటికి చిన్నప్పట్నుంచీ అలవాటే. ఆ అలవాటుని ఇంకొంచెం సాగదీయాలి, అంతే.

అసలు కష్టం అరగంట దగ్గర. ‘హౌల్వ్’ అంటే సగం. ‘హౌల్వ్ థ్రియూ’ అంటే సగం మూడు. అది మూడున్నర కాదు, రెండున్నర. మన రెండున్నర అంటే రెండూ మరో అరా. వాళ్ళ లెక్కలో రెండు అయిపోయింది, ఇప్పుడు నడుస్తున్నది మూడో గంట, అందులో సగమైంది. మా క్లాసులో పోలండ్ వాళ్ళు ఎక్కువమంది. వాళ్ళ భాషలో అరగంటని ఇలాగే చెబుతారు, జర్మన్‌లోనూ అంతే, కాబట్టి వాళ్ళు ఈ పాఠంలో తల కూడా ఎత్తలేదు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాళ్ళూ నేనూ మాత్రం మన ‘రెండున్నర’ పద్ధతిలో ఆలోచించేవాళ్ళం.

దీనికి నేను పట్టుకున్న ఉపాయం లెక్క కాదు, చూపు. ముళ్ళ గడియారంలో రెండున్నరప్పుడు చిన్న ముల్లు రెండుకీ మూడుకీ మధ్యన ఉంటుంది, మూడు వైపు నడుస్తూ. అది ఎటు వెళ్తోందో ఆ అంకె చెప్పాలి. మా బడి గోడ మీద అలాంటి గడియారం ఉంది. ఫోన్‌లో అంకెలు చూసి చెప్పడం ఆపేసి ఆ గోడ గడియారం చూసి చెప్పడం అలవాటు చేసుకున్నాక మనసులో ఒకటి తీసెయ్యడం, కలపడం అవసరం లేకపోయింది. తల్లులు ‘హౌల్వ్ ఫ్యొగుర్’ అన్నారంటే ముల్లు మూడు దాటి నాలుగుకి సగం దారిలో ఉన్నట్టు కనిపించాలి. ఇంకా టెన్షన్‌గా ఉంటే ఒక పని చెయ్యచ్చు: విన్నదాన్ని ఇరవైనాలుగు గంటల పద్ధతిలో తిరిగి చెప్పండి, ‘ఫిమ్తౌన్ థ్రియౌతీయు?’ అని. పదిహేను ముప్ఫై. రాతలో ఎలాగూ 15:30 అనే రాస్తారు, ఎవరూ తప్పు పట్టరు.

ఇదే సగం లెక్క గడియారం బయట కూడా ఉంది. ‘హౌల్ఫ్త్ అన్నాద్ ఔర్’ అంటే సగం రెండో ఏడాది, అంటే ఏడాదిన్నర. పెద్దవాళ్ళ మాటల్లో, రాతలో వస్తుంది. ‘హౌల్వ్’ బాగా అలవాటైనవాళ్ళకి ఇది విడిగా నేర్చుకోవాల్సిన పని లేదు.

పావుగంట సులువు. ‘కొర్తెర్ ఇవిర్ త్వో’ రెండుంబావు, ‘కొర్తెర్ ఈ థ్రియూ’ పావు తక్కువ మూడు. కానీ అయిదు, పది నిమిషాలు తక్కువ అన్నప్పుడు ఒక అందమైన వాక్యం వస్తుంది: ‘హానా వన్తర్ తీయు మీనూతుర్ ఈ థ్రియూ’. గడియారం స్త్రీలింగం కాబట్టి ‘హానా’ అంటే ఆమెని. ‘వన్తర్’ అంటే కొరత ఉండటం, కావలసి ఉండటం. మూడు కావడానికి ఆమెకి ఇంకా పది నిమిషాలు కావాలి అన్నమాట. ఈ వాక్యంలో కర్త ఎక్కడుందని క్లాసులో పెద్ద చర్చే జరిగింది. ‘ఆమె’ అని ప్రథమలో రావాలి కదా, ద్వితీయలో ఎందుకొచ్చింది అని.

నాకు ఆ ప్రశ్నే పుట్టలేదు. మనం ‘నేను ఆకలిస్తున్నాను’ అంటామా? నాకు ఆకలేస్తోంది అంటాం. నాకు డబ్బు కావాలి, నాకు చలిగా ఉంది, నాకు తెలుసు. మనిషి పనిచెయ్యని చోట, మనిషికి ఏదో అవుతున్న చోట తెలుగు ‘కి’, ‘కు’ పెడుతుంది. ఐస్‌లాండిక్ కూడా అలాంటి చోట విభక్తి మారుస్తుంది. ‘మిగ్ వన్తర్’ నాకు కావాలి, ‘మ్యేర్ ఎర్ కల్త్’ నాకు చలిగా ఉంది. ఒకచోట ద్వితీయ, ఒకచోట చతుర్థి, అది క్రియని బట్టి గుర్తుపెట్టుకోవాలి. కానీ ఆ ఆలోచనా తీరు మనదే. యూరప్ భాషలు తెలిసినవాళ్ళు కూడా నెలలు తంటాలు పడే చోట తెలుగువాళ్ళు నేరుగా నడిచి వెళ్ళగలరు. ఐస్‌లాండిక్ కష్టమని ముందే భయపడేవాళ్ళకి నేను మొదట చెప్పేది ఈ సంగతే.

వారాల పేర్లు బడిలో రోజూ వినబడతాయి. పొద్దున పిల్లలంతా గుండ్రంగా కూర్చునే సమయాన్ని ‘సామ్‌వెరుస్తుంద్’ అంటారు. ‘క్వాదా దాగుర్ ఎర్ ఈ దాగ్?’ ఈరోజు ఏ వారం? సున్నుదాగుర్, మౌనుదాగుర్, థ్రిద్యుదాగుర్, మిద్‌వికుదాగుర్, ఫిమ్తుదాగుర్, ఫొస్తుదాగుర్, లొయ్‌గర్‌దాగుర్. ఆదివారానికి సూర్యుడు, సోమవారానికి చంద్రుడు, మన లెక్కే. మంగళవారం నుంచి దారి మారుతుంది: మూడో రోజు, వారం మధ్య రోజు, అయిదో రోజు, ఉపవాసం రోజు, స్నానం రోజు. చుట్టుపక్కల భాషల్లో ఈ రోజులకి థోర్, ఓడిన్ లాంటి పాత దేవుళ్ళ పేర్లు మిగిలిపోయాయి. 1106లో హోలార్‌కి బిషప్ అయిన యోన్ ఒగ్ముంద్‌సన్ ఆ పేర్లు తీసేయించాడని వాళ్ళ సంప్రదాయం చెబుతుంది. లెక్క ఆదివారంతో మొదలవుతుందని గుర్తుంటే చాలు, మూడోది మంగళవారం, అయిదోది గురువారం ఎందుకయ్యాయో తెలిసిపోతుంది.

పేర్లు రావడం ఒకెత్తు, వాక్యంలో పెట్టడం ఇంకో ఎత్తు. ‘ఔ మౌనుదాయిన్’ అంటే సోమవారం నాడు, ఆ ఒక్క సోమవారం. ‘ఔ మౌనుదొగుమ్’ అంటే సోమవారాల్లో, ప్రతి సోమవారం. నోటీసుబోర్డు మీద ఈ తేడా ముఖ్యం. ఒకటి ఒక్కరోజు జరిగేది, రెండోది వారం వారం జరిగేది. ‘దాగుర్’లోని ‘దా’ ఈ ‘దొగుమ్’ రూపంలో ‘దొ’ అవుతుంది, వెనకాల ‘ఉ’ వస్తోంది కాబట్టి. ఈ మార్పు ఆ భాషలో అడుగడుగునా ఉంటుంది. వచ్చే సోమవారమా, పోయిన సోమవారమా అన్నది తేలాలంటే చివర ‘కెముర్’ అనో ‘వార్’ అనో చేరుస్తారు, వస్తున్నది, అయిపోయినది అని.

రూపాలు అనుమానమొస్తే నేను చూసేది ‘బీన్’. ఆర్ని మాగ్నుసన్ సంస్థ నడిపే వెబ్‌సైట్ అది. ఏ నామవాచకమైనా కొడితే దాని అన్ని విభక్తులూ ఏకవచనంలో, బహువచనంలో చూపిస్తుంది. పూర్తిగా ఉచితం. ఐస్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్ళ ఐస్‌లాండిక్ ఆన్‌లైన్ కోర్సు కూడా ఉచితమే, ఇండియాలో కూర్చుని మొదలుపెట్టచ్చు.

తేదీల పాఠం నాకు బడిలోని పుట్టినరోజుల గోడే నేర్పింది. పన్నెండు నెలల బొమ్మలు, ఒక్కో నెల కింద పిల్లల పేర్లూ తేదీలూ. నెలల పేర్లు తేలిక, యానువార్ నుంచి దెసెంబెర్ దాకా, విభక్తులు లేవు. రోజు ముందు, నెల తర్వాత, మన వరసే. అంకె పక్కన ఒక చుక్క ఉంటుంది: ‘7. మార్స్’. మన ‘7వ తేదీ’లో ‘వ’ చేసే పని ఆ చుక్క చేస్తుంది. తేడా ఏమిటంటే మన ‘వ’ మారదు, మార్పంతా ‘తేదీన’, ‘తేదీకి’ అని చివరికి వెళ్ళిపోతుంది. వాళ్ళకి మార్పు ఆ చుక్కలోనే దాగి ఉంటుంది. ఈరోజు ఏడో తేదీ అనేటప్పుడు ‘సియొఉందీ మార్స్’, ఏడో తేదీన నా పుట్టినరోజు అనేటప్పుడు ‘సియొఉందా మార్స్’. కాగితం మీద రెండూ ఒకేలా ఉంటాయి. చదివేవాళ్ళే వాక్యం చూసి సరైన రూపం పలకాలి. అందుకే తేదీల్ని కళ్ళతో చదివితే సరిపోదు, గట్టిగా చదవాలి. గోడ దగ్గర నిలబడి ఒక్కో పిల్లకీ ‘నీ పుట్టినరోజు ఫలానా తేదీన’ అని చెప్పడం నాకు మంచి సాధన అయింది, వాళ్ళకి సంబరం.

ఒకటో తేదీ ‘ఫిర్స్తీ’, మూడోది ‘థ్రిద్యీ’, అన్నీ ‘ఈ’తో ముగిసి తేదీన అన్నప్పుడు ‘ఆ’ అవుతాయి. రెండోది ఒక్కటే ఎదురు తిరుగుతుంది. ‘అన్నార్’, తేదీన అంటే ‘అన్నాన్’. ఇదొక్కటి విడిగా కంఠతా పట్టాలి.

దేశమంతా తేదీతోనే పిలిచే పండగ ఒకటుంది: ‘సొయ్‌త్యౌందీ యూనీ’, జూన్ పదిహేడు. 1944లో ఆ రోజున థింగ్‌వెత్లిర్ మైదానంలో గణతంత్రం ప్రకటించారు. స్వాతంత్ర్యం కోసం పాటుపడ్డ యోన్ సిగుర్ద్‌సన్ 1811లో పుట్టింది ఆ తేదీనే, అందుకే ఆ రోజు ఎంచుకున్నారు. నవంబర్ 16 ఐస్‌లాండిక్ భాషా దినం, కవి యోనాస్ హత్ల్‌గ్రీమ్‌సన్ పుట్టినరోజు. మనం గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినంగా చేసుకుంటాం కదా, బడిలో ఆ సంగతి చెబితే తోటి టీచర్లకి ఎంతో నచ్చింది.

సంవత్సరం చెప్పేటప్పుడు మళ్ళీ నపుంసక లింగం, ఎందుకంటే ‘ఔర్’, అంటే ఏడాది, నపుంసకం. 2024 ‘త్వో థూసుంద్ తుహ్తుగు ఓగ్ ఫ్యొగుర్’. పాత శతాబ్దాన్ని వందల్లో చెబుతారు: 1944 ‘నీత్యౌన్ హుంద్రుద్ ఫ్యొరుతీయు ఓగ్ ఫ్యొగుర్’, పంతొమ్మిది వందల నలభై నాలుగు, అచ్చం మనలాగే. ఇక్కడ ప్రతి మనిషికీ ‘కెన్నితాలా’ అనే పదంకెల నంబర్ ఉంటుంది. మొదటి ఆరంకెలు పుట్టిన రోజు, నెల, సంవత్సరం. చివరి అంకె శతాబ్దం: తొమ్మిదయితే 1900ల్లో పుట్టారు, సున్నా అయితే 2000ల్లో. మందుల షాపులో, ఆస్పత్రిలో దాన్నే అడుగుతారు. కాబట్టి వచ్చిన కొత్తలోనే అంకెలు గడగడా చెప్పే అవసరం పడుతుంది.

ఇంకో మంచి పాఠ్యపుస్తకం వార్తాపత్రికలోని అంత్యక్రియల ప్రకటనలు. వినడానికి ఇబ్బందిగా ఉండచ్చు గానీ, ఇక్కడ చిన్న దేశం, అందరూ శ్రద్ధగా చదివే పేజీ అది. ప్రతి ప్రకటనలో ఒకే అచ్చు ఉంటుంది: ఫలానా చర్చిలో, శుక్రవారం, అయిదో ఏప్రిల్, గంటలు ఇన్ని. ‘ఫొస్తుదాయిన్ ఫిమ్తా అప్రీల్ క్లుహ్కన్ థ్రెహ్తౌన్’. వారానికి ముందు ‘ఔ’ లేదు, గంటకి ముందు ఏమీ లేదు. ద్వితీయా విభక్తే ‘న’, ‘కి’ చేసే పని చేస్తోంది. పోయినవాళ్ళకి మనసులో ఒక దండం పెట్టుకుని ఆ వాక్యాలు పైకి చదివేదాన్ని. పేరూ ఊరూ మారతాయి, తేదీ వాక్యం మారదు. అలా తేదీ రూపాలు నాకు నోటికి వచ్చేశాయి.

ఇక్కడ విదేశీయుల్ని అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: ఐస్‌లాండ్‌లో ఎన్నాళ్ళ నుంచి ఉంటున్నావు? (ఇక్కడ చిన్నా పెద్దా అందరికీ ‘నువ్వే’, బడి పెద్ద టీచర్‌కి కూడా. నాకు ఇది అలవాటు కావడానికి టైం పట్టింది.) రెండేళ్ళు అనుకుందాం. రెండేళ్ళుగా అంటే ‘ఈ త్వో ఔర్’. రెండేళ్ళ క్రితం వచ్చాను అంటే ‘ఫిరిర్ త్వెయ్ముర్ ఔరుమ్’. రెండేళ్ళ తర్వాత వెళ్తాను అంటే ‘ఎఫ్తిర్ త్వో ఔర్’. పిల్లల దగ్గర నేర్చుకున్న ‘ఫిరిర్’, ‘ఎఫ్తిర్’ మళ్ళీ వచ్చాయి చూడండి. ‘ఫిరిర్’ తర్వాత ద్వితీయ వస్తే ‘ముందు’, చతుర్థి వస్తే ‘క్రితం’. భోజనానికి ముందు, రెండేళ్ళ క్రితం, రెండింటికీ ఒకే మాట, విభక్తే తేడా చెబుతుంది. వారానికి స్త్రీలింగం, నెలకి పుంలింగం, ఏడాదికి నపుంసకం కాబట్టి మూడు వారాలు, మూడు నెలలు, మూడేళ్ళు మూడు రకాలు: ‘థ్రియౌర్ వికుర్’, ‘థ్రీర్ మౌనుదిర్’, ‘థ్రియూ ఔర్’. నేను వీటిని విడివిడి మాటలుగా ఎప్పుడూ గుర్తుపెట్టుకోలేదు. ‘రెండేళ్ళ క్రితం’ మొత్తం ఒక్క మాటే అనుకుని నేర్చుకున్నాను. వ్యాకరణం పట్టిక తర్వాత చూసుకోవచ్చు.

బడి గోడకి రోజువారీ టైంటేబుల్ ఉంటుంది. అందులో మధ్యాహ్నం పాలూ రొట్టే పెట్టే సమయానికి పేరు ‘నోన్‌హ్రెస్సింగ్’. ఈ ‘నోన్’ ఏమిటని ఒక పెద్ద వయసు టీచర్‌ని అడిగాను. గడియారాలు లేని కాలంలో రోజుని ఎనిమిది భాగాలు చేసుకునేవారట, ఒక్కోటి మూడు గంటలు. ఆ భాగాన్ని ‘ఎయ్ఖ్త్’ అంటారు. పొద్దున తొమ్మిదికి ‘దాగ్‌మౌల్’, పన్నెండుకి ‘హౌదెయి’, మూడుకి ‘నోన్’, ఆరుకి ‘మిద్‌అఫ్తన్’, రాత్రి తొమ్మిదికి ‘నౌహ్త్‌మౌల్’, అర్ధరాత్రి ‘మిద్‌నైహ్తీ’, తెల్లవారుజామున మూడుకి ‘ఓహ్తా’, ఆరుకి ‘రిస్‌మౌల్’. ఒక్కో పొలం ఇంటి నుంచి చూస్తే సూర్యుడు ఏ కొండ మీదికొస్తే ఏ వేళో గుర్తు పెట్టుకునేవారు. అందుకే ఆ దేశంలో వేళల పేర్లతో కొండలూ గుట్టలూ ఉన్నాయి. పక్కనే ఉన్న కోపవోగుర్‌లో ‘నోన్‌హైద్’ అనే పేట ఉంది, నోన్ గుట్ట అని.

ఆవిడ చెబుతుంటే మా అమ్మమ్మ నోట విన్న మాటలే గుర్తొచ్చాయి. జాము పొద్దెక్కింది, రెండు జాముల వేళ, తెల్లవారుజాము. మన జాము కూడా మూడు గంటలే, రోజుకి ఎనిమిది జాములే. నేను ఆ లెక్క చెబితే ఆవిడ కాగితం తీసుకుని రెండు వరసలూ పక్కపక్కన రాసింది. ‘దాగ్‌మౌల్’ ఎదురుగా జాము పొద్దు.

అయితే ఇప్పటి గడియారానికీ ఆకాశానికీ ఇక్కడ పొత్తు తక్కువ. 1968 నుంచి ఐస్‌లాండ్ ఏడాదంతా గ్రీనిచ్ టైం మీదే నడుస్తోంది, ఎండాకాలం చలికాలం మార్పు లేదు. దేశం ఉన్నది మాత్రం గ్రీనిచ్‌కి చాలా పడమరగా. రేక్యావిక్‌లో సూర్యుడు నడినెత్తికి, ఇక్కడ ఎంత ఎత్తుకి వస్తే అంతకి, చేరేసరికి ఇంచుమించు ఒకటిన్నర అవుతుంది. డిసెంబర్ చివర్లో పదకొండు దాటాక తెల్లారి మూడున్నరకి పొద్దుగూకుతుంది. జూన్‌లో అర్ధరాత్రికి గానీ అస్తమించడు. చీకటిగా ఉన్నా పొద్దునే, వెలుతురున్నా రాత్రే. ‘ఈ మొర్గున్’, ‘ఈ క్వొల్ద్’ అనే మాటలకి కిటికీలోంచి చూస్తే ఆధారం దొరకదు, గడియారాన్నే నమ్మాలి. టైం మారకపోవడం వల్ల ఇండియాకి మాత్రం లెక్క సులువు. ఎప్పుడైనా అయిదున్నర గంటలే. ఇక్కడ ‘హౌల్వ్ థ్రియూ’ అయితే ఖమ్మంలో అమ్మ ఎనిమిదింటికి అన్నాలకి కూర్చుంటుంది.

పాత నెలలు కూడా పూర్తిగా పోలేదు. జనవరి 19 నుంచి 26 మధ్య వచ్చే శుక్రవారం ‘థొర్రీ’ నెల మొదలవుతుంది, ఆ రోజు మగవాళ్ళ రోజు. ఫిబ్రవరి 18 నుంచి 25 మధ్య ఆదివారం ‘గోఆ’ మొదలవుతుంది, అది ఆడవాళ్ళ రోజు. ఈ రెండూ మా బడిలో చేస్తాం. ఏప్రిల్ 19 నుంచి 25 మధ్య గురువారం ‘సుమర్‌దాగురిన్ ఫిర్స్తీ’, వేసవి మొదటి రోజు, సెలవు. ఆ రోజు మంచు పడినా అది వేసవే. ఏడాదిని చలికాలం, వేసవి అని రెండే భాగాలు చేసిన పాత లెక్క అది. పాత కథల్లో వయసుని చలికాలాలతో చెబుతారు, పన్నెండు చలికాలాల పిల్లాడు అని. మనం ఇరవై వసంతాలు అన్నట్టు.

ప్రస్తుతం నేను సాధన చేస్తున్నది కాలాల పేర్లు. ‘ఈ సుమర్’ అంటే ఈ వేసవిలో. అది గడిచిన వేసవా, రాబోయే వేసవా అన్నది ఆ మాటలో లేదు, క్రియలో ఉంటుంది. వెళ్ళాం అంటే గడిచినది, వెళ్తాం అంటే రాబోయేది. ‘ఈ నోహ్త్’ కూడా అంతే, నిన్న రాత్రీ కావచ్చు, ఈ రాత్రీ కావచ్చు. కాబట్టి వాక్యం చివరిదాకా వినాలి, కాలవాచకం వినగానే అర్థమైందనుకోకూడదు.

బడికి వేసవి సెలవులు రాబోతున్నాయి. ఏ కుటుంబం పిల్లల్ని ఎప్పట్నుంచి ఎప్పటిదాకా పంపరో రాసుకునే పని ఈసారి నాకిచ్చారు. సాయంత్రం గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కళ్ళనీ అడుగుతాను. ‘ఫ్రౌ ఓగ్ మేద్ ఫిర్స్తా యూలీ’, జూలై ఒకటితో మొదలుపెట్టి. ‘తిల్ ఓగ్ మేద్ తుహ్తుగస్తా ఓగ్ ఔహ్తుందా’, ఇరవై ఎనిమిదో తేదీతో కలిపి. ఆ ‘ఓగ్ మేద్’, ‘తో కలిపి’ అన్న మాట ఉందో లేదో తప్పక వినాలి. లేకపోతే ఆ చివరి రోజు పిల్ల బడికి వస్తుందో రాదో తెలీదు. ‘ఈ ఫ్యోరార్ వికుర్?’ నాలుగు వారాలా అని అడుగుతాను, అవునంటారు, పట్టికలో రాసుకుంటాను. తర్వాతి కుటుంబం బూట్లు వేసుకుంటూ ఉంటుంది, వాళ్ళ దగ్గరికెళ్తాను.